దొర అనే హంసని ఎస్ట్‌కోర్ట్ చేర్చడం

బక్కీలో ఉన్నవాళ్లం ముగ్గురం: స్టీరింగు దగ్గర నేను, నా పక్కన అప్పన్న తాత, వెనక ఒక మగ హంస. సామాను: నీళ్ల డబ్బాలు రెండు, గోధుమల సంచి ఒకటి, పాత దుప్పట్లు మూడు, ఇత్తడి పళ్లెం ఒకటి, పూరీలూ చేమాకు చుట్టలూ పెట్టిన టిఫిను డబ్బా ఒకటి, అయోడిన్ సీసా ఒకటి. అయోడిన్ నాకోసం. హంస బరువు పదకొండు కిలోల రెండు వందల గ్రాములు. బాత్‌రూం తూనిక మీద దాన్ని ఎత్తుకుని ఒకసారి, దించేసి ఒకసారి నిలబడి తీసివేత చేశాను. అయోడిన్ అవసరం అక్కడే మొదలైంది.

బక్కీ అంటే ముందు ఇద్దరు కూర్చోవడానికి, వెనక కప్పు కింద సామాను వేసుకోవడానికి వీలుండే చిన్న బండి. డర్బన్‌లో ఇంటికొకటి ఉండేది. దక్షిణాఫ్రికాలో రంగుతో పనిలేకుండా అందరూ ఓటు వేసిన మొదటి ఎన్నికలు జరిగి అప్పటికి మూడో ఏడు. నేను కాకినాడ నుంచి వెళ్లి, ఊరికి దక్షిణాన ఒక కాగితం మిల్లులో మీటర్లూ వాల్వులూ సరిచూసే ఇంజనీరుగా చేరి పధ్నాలుగు నెలలు. సిడెన్‌హామ్ పేటలో అప్పన్న తాత ఇంటి వెనక గది నాది. తాత వాళ్ల తాత కోస్తా జిల్లాల నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కినవాడు. ఇప్పుడు ఆ ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషే. తెలుగు మిగిలింది మూడింటికి: దేవుడికి, వంటకి, తిట్టుకి. నాతోనూ, చుట్టాలు కలిసినప్పుడూ ఇంకొంచెం బయటికొచ్చేది. వాళ్లు ఇంగ్లీషులో అన్నవి నేను తెలుగులో రాస్తున్నాను. తెలుగులో అన్నవి అన్నట్టే ఉంచాను.

ఇంతకీ ఒక హంసని నూట ఎనభై కిలోమీటర్లు ఎందుకు తీసుకెళ్లామో చెప్పాలి. తాత ఒక హోటల్లో తోటమాలిగా చేసేవాడు. ఎన్నికలకి ముందు దాని యజమాని అమ్మేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. కొన్నవాళ్లు కొలను పూడ్చి కార్లు నిలుపుకున్నారు. పెద్ద హంసల్ని ఎవరో పట్టుకుపోయారు. బూడిద రంగు పిల్ల ఒకటి మిగిలితే తాత గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. గుమ్మంలో దాని ముక్కుపొగరు చూసి ఆయన భార్య చిట్టెమ్మ అవ్వ, "దొర వచ్చినాడు" అందట. అదే పేరయింది. హంస అంటే చదువుల తల్లి బండి అని ఆవిడ నమ్మకం. శుక్రవారం శుక్రవారం దాని నుదుట కుంకుమ పెట్టి, ఇత్తడి పళ్లెంలో పాలలో నానిన రొట్టె పెట్టేది.

అంతకు ముందు నేను హంసని పద్యాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. పద్యాల్లో అది మెల్లగా నడుస్తుంది, తామర తూళ్లు తింటుంది, ప్రేమికుల కబుర్లు మోస్తుంది, పాలనీ నీళ్లనీ వేరు చేస్తుంది. నాలుగోది పరీక్షకి నిలిచే విషయం కాబట్టి పరీక్షించాను. వంద మిల్లీలీటర్ల పాలలో వంద మిల్లీలీటర్ల నీళ్లు కలిపి పెట్టాను. దొర మొత్తం తాగి, పళ్లెం తిరగేసి, నా చీలమండ పట్టుకుంది. మూడు శుక్రవారాలు చేశాను. రెండుసార్లు ఎడమ చీలమండ, ఒకసారి కుడి.

దానికి నచ్చనివాటి పట్టిక ఒకటి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను: గొడుగు, పోస్టుమాన్ సైకిలు, నా పసుపుపచ్చ హెల్మెట్, రేడియోలో క్రికెట్, ఆరేసిన తువ్వాళ్లు. రాసిన మర్నాడే అది గొడుగు కింద నిద్రపోయింది. ఆ తర్వాతి వారం క్రికెట్ కామెంటరీ ఆపితే ఊరుకోలేదు. పట్టిక నాలుగుసార్లు కొట్టేసి రాశాను. మిల్లులో ఏ వాల్వయినా ఇలా నడుచుకుంటే విప్పి అవతల పారేస్తాం.

ఒక్క చిట్టెమ్మ అవ్వకి మాత్రం అది లొంగేది. ఆవిడ వంటింట్లోంచి "ఒరే సచ్చినోడా, ఏటా కోపం" అంటే మెడ దించేసేది. నేను వెళ్లిన నాలుగో నెలలో ఆవిడ పోయింది. దొర తొమ్మిది రోజులు వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది. తొమ్మిదని నేను లెక్కపెట్టాను. తాత లెక్కపెట్టలేదు. ఆయనా దాని పక్కనే కూర్చుని ఉన్నాడు.

తర్వాత మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కొత్తగా చేరిన జులూ యువకుడు, మర్యాదస్తుడు, తాతని "బాబా" అనే పిలిచాడు. ఊళ్లో కోళ్లు పెంచవచ్చు, హంసని పెంచకూడదు. అతను నోటీసు చదువుతున్నంతసేపూ దొర అతని బూటు లేసు విప్పుతూనే ఉంది. సోమవారంలోగా పంపకపోతే తామే తీసుకెళ్తామన్నాడు. తీసుకెళ్లి ఏం చేస్తారో అతను చెప్పలేదు. తాత అడగలేదు. ఎస్ట్‌కోర్ట్‌లో చిట్టెమ్మ అవ్వ తమ్ముడు రాజుకి ఒక చెరువు ఉంది, అందులో ఒంటరి ఆడ హంస ఉంది. తాత కళ్లకి పొరలొచ్చి లైసెన్సు పోయింది కాబట్టి నేను శుక్రవారం సెలవు పెట్టాను.

క్లెయిర్‌వుడ్

ఎస్ట్‌కోర్ట్ ఎగువన ఉంది. తాత బండిని దిగువకి తిప్పించాడు.

"తాతా, దారి అటు కదా."

"తెలుసు మాన్. దొరకి మా తోట చూపిత్త. మళ్లీ ఎప్పుడు వత్తది."

రేవు పక్కన క్లెయిర్‌వుడ్‌లో మన కూలీల పిల్లలు కూరగాయలు పండించేవారు. పాత తెల్ల ప్రభుత్వం కాయితాలిచ్చి వాళ్లందరినీ ఖాళీ చేయించింది. ఇప్పుడు తాత తోట ఉన్న చోట కంటెయినర్లు నిలిపే యార్డు ఉంది. ఇరవై రెండు కంటెయినర్లు లెక్కపెట్టాను. తాత కంచె ఇనప తీగల మధ్య వేలు పెట్టి చూపించాడు: ఆ ఎర్ర లారీ కింద బావి, ఇటు వంకాయ నాలుగు వరసలు, అటు కొత్తిమీర ఆరు. బక్కీ వెనక అద్దంలోంచి దొర కూడా మెడ సాచి చూసింది, లేదా చూస్తున్నట్టు నాకు అనిపించింది. కంచె బయట ఒక కరివేపాకు చెట్టు మిగిలి ఉంది. కాపలా మనిషి కోసుకోమన్నాడు. తాత నాలుగు రెమ్మలు కోసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బక్కీ అంతా మా అమ్మ వంటింటి వాసన వేసింది.

"అప్పుడు మాకు ఆరు నెలలు టైమిచ్చినారు" అన్నాడు తాత, కూర్చున్నాక. "దీనికి ఐదు రోజులే." జేబులో రెమ్మలు సర్దుకుని, "రాజు చెరువులో నిలబడితే చాలు బాబూ. మళ్లీ ఎవరూ కాయితం పట్టుకు రారు" అన్నాడు.

హౌయిక్

కొండలెక్కేసరికి గాలి మారింది. రోడ్డు పక్కన ఒక తెల్లావిడ నడిపే టీ కొట్టు దగ్గర ఆగాం. టీ రెండు రాండ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తు రెండు రాండ్లు. కాకినాడ బీచిలో పొత్తుకి నిమ్మకాయా ఉప్పూకారం రుద్దుతారు. ఇక్కడ వెన్న రాసి ఇచ్చారు. కారం లేని మొక్కజొన్న తిన్నట్టు మా ఇంటికి ఉత్తరంలో రాయలేదు, నమ్మరని.

ఆవిడ టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. తాత కుర్చీ అంచున కూర్చుని కప్పు పట్టుకున్నాడు.

"సరిగా కూర్చో తాతా."

"ఎన్నికల ముందు మాకు వెనక కిటికీ దగ్గర నిలబెట్టి ఇచ్చేవాళ్లు. నడుముకి ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు.

నేను నీళ్లు పెడదామని బక్కీ వెనక తలుపు తీయడం పొరపాటయింది. దొర దిగి, తిన్నగా ఒక పెద్ద కారు దగ్గరికి నడిచింది. దాని చక్రం మీది మెరిసే బిళ్లలో తన మొహం చూసుకుంది. అందరం యుద్ధానికి సిద్ధపడ్డాం. అది ముక్కుతో ఆ బిళ్లని మెల్లగా, ఎంతో ప్రేమగా దువ్వడం మొదలుపెట్టింది. ఇరవై మూడు నిమిషాలు దువ్వింది. కారు యజమాని, పొట్టి నిక్కరు వేసుకున్న భారీ రైతు, తాళం చెవి పట్టుకుని ఒకసారి ముందుకి వెళ్లాడు. దొర ఒక్కసారి బుస కొట్టింది. ఆయన వెనక్కి వచ్చి ఇంకో టీ చెప్పాడు.

"ఎంతసేపు ఉంటుంది ఇలా?" అని అడిగాడు.

"దానికీ తెలీదు సార్" అన్నాడు తాత. రైతు నవ్వి తన కేకులో సగం తాత పళ్లెంలో పెట్టాడు.

మూయి నది టోల్ గేటు

టోల్ డబ్బులు ఇస్తుండగా దొర వెనక చిన్న కిటికీలోంచి మెడ దూర్చి నా భుజం మీదుగా బయటికి చూసింది. గేటులో కూర్చున్న జులూ అమ్మాయి చిల్లర ఇవ్వడం మానేసింది.

"ఇది వండుతారా?"

"లేదు సిసీ, పెళ్లికొడుకు. పిల్ల దగ్గరికి తీసుకెళ్తున్నాం" అన్నాడు తాత. సిసీ అంటే జులూలో అక్కా అని.

"లోబోలా ఎన్ని ఆవులు ఇచ్చారు?" వాళ్లలో పెళ్లికొడుకు పిల్ల ఇంటికి ఆవుల్ని ఇవ్వాలి.

"మాలో ఆవులు లేవు. గుమ్మంలో ఎర్రనీళ్లు తిప్పి రమ్మంటారు, అంతే."

"చాలా చవక" అందామె. పక్క గేటు మనిషిని పిలిచి చూపించింది. అతను ఇంకొకరిని పిలిచాడు. మా వెనక ఏడు బళ్లు హారన్లు కొట్టాయి. దొర ఎవరినీ కరవలేదు. ఎందుకు కరవలేదో నాకు ఈనాటికీ తెలీదు.

ఎస్ట్‌కోర్ట్, శుక్రవారం సాయంత్రం

రాజు మామకి ఊళ్లో కిరాణా కొట్టుంది. ఎవరైనా ఎక్కడైనా భూమి కొనుక్కోవచ్చని చట్టం మారాక, ఊరి బయట ఒక తెల్ల రైతు దగ్గర ఎనిమిది హెక్టార్లు కొన్నాడు. ఇల్లు, చెరువు, ఆరు ఆవులు, ఒక హంస జంట వచ్చాయి. "పత్రంలో పంపు రాసుంది, గేటు రాసుంది. వీటి గురించి ఒక్క ముక్క లేదు" అని ఆయన బాధ. మగది కరెంటు తీగ తగిలి చచ్చిపోయింది. అప్పట్నుంచి రెండేళ్లుగా ఆడది గట్టు మీద ఎవరినీ నడవనివ్వడం లేదు. పాలు పితికే థెంబా అనే పెద్దమనిషి పాల క్యాను మూతని డాలులా పట్టుకునే వెళ్తాడు.

బండి దిగగానే రాజు మామ చెప్పాల్సింది చెప్పేశాడు.

"బావా, దాచేదేం లేదు. ఇది ఒక్కతే నా ప్రాణం తీత్తంది. నీవాడు దీన్ని సల్లబెడితే ఉంచుకుంటాను. కొట్టుకున్నారా, ఆదివారం మధ్యాన్నం నీ బక్కీలోనే తిరిగి పోవాలి. నేను బాక్సింగ్ క్లబ్బు పెట్టలేదు."

"సరే రాజూ" అన్నాడు తాత.

రాజు మామ భార్య సత్యమ్మత్త అప్పటికే హారతికి సిద్ధంగా ఉంది. కొత్త అల్లుడు గుమ్మంలోకి వస్తే పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్లు తిప్పి, కర్పూరం వెలిగించి, దిష్టి తీయకుండా ఆ ఇళ్లల్లో లోపలికి రానివ్వరు. ఓడ దిగిన నాటి నుంచీ ఆ పద్ధతి ఎక్కడా తప్పలేదు. హంస అయితే మాత్రం తప్పాలా అని ఆవిడ వాదన. తాతకీ అందులో తేడా కనపడలేదు. నిజం చెప్పాలంటే నాకూ కనపడలేదు.

"చిట్టెమ్మ వదిన పళ్లెంలోనే తిప్పుదాం, అన్నా. పైనుంచి సూత్తది" అని మేం తెచ్చిన ఇత్తడి పళ్లెం తీసుకుంది.

అది శుక్రవారం. పళ్లెం ఇత్తడిది. ఇవి రెండూ కలిస్తే దొర లెక్కలో పాలలో నానిన రొట్టె. నాకూ తాతకీ కూడా ఇది తట్టలేదు.

దుప్పటి విప్పగానే దొర తల ఎత్తి, పళ్లెం చూసి, మెల్లగా, పద్యాల్లో నడిచినట్టే నడిచి వచ్చింది. సత్యమ్మత్త కళ్లు తుడుచుకుంది. "సూడు, ఎంత మరియాదో" అంది. దొర పళ్లెంలో ముక్కు పెట్టింది. సరిగ్గా కర్పూరం మీద.

నష్టాల వివరం: పళ్లెం రాజు మామ మోకాలికి తగిలింది. ఎర్రనీళ్లలో సగం ఆయన తెల్ల ప్యాంటు మీద, సగం దొర రొమ్ము మీద పడ్డాయి. సత్యమ్మత్త గాజులు రెండు పగిలాయి. నా చీలమండ, ఎడమది. దొర ముక్కుకి ఏమీ కాలేదు. అది రెక్కలు కొట్టుకుంటూ చెరువు అంచుదాకా పరిగెత్తి ఆగిపోయింది. అది పెరిగిన నీళ్లంటే మీటరున్నర వెడల్పు ఇనప తొట్టి. చెరువు పొడవు నూట ఇరవై మీటర్లు. అవతలి కొసన ఆడ హంస ఒడ్డున ఎర్ర రొమ్ముతో నిలబడ్డ ఈ జీవాన్ని చూసి రెక్కలు లేపింది.

"మంచి శకునమే" అన్నాడు రాజు మామ, ప్యాంటు పిండుకుంటూ.

శనివారం

గట్టు పొడుగునా మూడేసి మీటర్లకి ఒక కంచె గుంజ ఉంది. రెండు పక్షులూ ఏ గుంజలకి ఎదురుగా ఉన్నాయో చూసి, మధ్యలో దూరం రాసుకున్నాను. ఉదయం ఏడింటికి నలభై ఎనిమిది మీటర్లు. తొమ్మిదింటికి ముప్ఫై తొమ్మిది. తాత మొహం విప్పారింది. పదింటికి ఆడది గట్టెక్కి దొరని పాల కొట్టందాకా తరిమింది. డెబ్భై ఐదు. మధ్యాహ్నం దొర తిరిగొచ్చి అంచున నిలబడింది. నీళ్లలో కాలు మాత్రం పెట్టలేదు.

తాత పాల డబ్బాలు పెట్టే పెట్టె బోర్లించుకుని రోజంతా దాని దగ్గరే కూర్చున్నాడు. సత్యమ్మత్త రొట్టెలూ, ఉల్లిపాయల పులుసూ ఎవరితోనూ పంపకుండా గట్టుకి తానే తెచ్చింది. "బేగి తిను బాబూ, సల్లారిపోతది" అంది నాతో. బేగి అనే మాట మా నాయనమ్మ పోయాక నేను వినలేదు. మా ఇంట్లో ఎవరూ అనరు. ఏడు వేల కిలోమీటర్ల అవతల, తెలుగు అక్షరం చదవడం రాని ఒకావిడ నోట విన్నాను. పులుసు రెండుసార్లు వేయించుకున్నాను.

సాయంత్రం రాజు మామ వచ్చి తాత పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

"మునిసిపాలిటీవాళ్లు ఏం చేత్తారు బావా?"

"నేను అడగలేదు."

"ఇంకెక్కడా చోటు లేదా?"

"ఉంటే నీ గుమ్మం ఎక్కుతానేటి."

థెంబా క్యానులతో పోతూ పోతూ మా దగ్గర ఆగాడు. "ఈవిడ నన్ను కరిచింది, ఈయన్ని కరిచింది, పశువుల డాక్టరుని కరిచింది. నిన్నట్నుంచి మీ దొరని మాత్రం తరుముతోందే గానీ కరవలేదు. చూశారా?" అన్నాడు. చూడలేదు. నేను దూరమే కొలిచాను.

ఆదివారం

పదకొండున్నరకి దూరం యాభై నాలుగు మీటర్లు. పన్నెండుకి రాజు మామ దుప్పటి పట్టుకొచ్చాడు. ఆయనకీ ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. తాత లేచి, "నేనే పట్టుకుంటాను. నాకయితే వత్తది" అన్నాడు.

దొర వచ్చింది. తాత రెండు రెక్కలూ కలిపి పొట్టకి ఆనించుకున్నాడు. దాని మెడ ఆయన భుజం మీద వాలింది. ఆయన కాసేపు అలాగే ఉండిపోయాడు. మేం చూడనట్టు అటు తిరిగాం. తర్వాత రాజు మామ దుప్పటి కప్పడానికి రెండడుగులు ముందుకి వేశాడు. దొర బుస కొట్టింది.

అవతలి కొసన నీళ్ల చప్పుడయింది. ఆడ హంస నీటి మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను దొరకోసమే అనుకుని అడ్డం వెళ్లాను. అది నన్ను దాటి, తాతనీ దొరనీ దాటి, రాజు మామని అందుకుంది. దొర తాత చేతుల్లోంచి విదిలించుకుని దూకి, రెండో పక్కనుంచి వచ్చింది. రాజు మామ దుప్పటి వదిలేసి ట్రాక్టరు ఎక్కాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి అంత బేగి ఎక్కగలడని సత్యమ్మత్తకి కూడా తెలీదట. ఆవిడ వంటింటి గుమ్మంలో కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది.

ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, రెండు పక్షులూ అంచుకి వచ్చి ఎదురెదురుగా ఆగాయి. రెక్కలు లేపి, మెడలు సాచి, గురక లాంటి చప్పుడు చేశాయి. కొట్టుకోవడం కాదు. గెలిచినవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటున్నట్టుంది. తర్వాత ఆడది నీళ్లలోకి దిగి, కొంచెం వెళ్లి, ఆగింది.

దొర కాలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టి దిగిపోయింది. పిల్లగా కొలను వదిలాక అది పెద్ద నీళ్లలో ఈదడం అదే మొదలు. ముందు ఇనప తొట్టిలో తిరిగినట్టే రెండు చుట్లు గుండ్రంగా తిరిగింది. గోడ తగల్లేదు. మూడోసారి తిన్నగా వెళ్లింది.

"బావా" అన్నాడు రాజు మామ ట్రాక్టరు మీదనుంచి. "ఇప్పుడు ఇద్దరూ కలిసి నా మీద పడతారా?"

"పడతారు."

"రోజూనా?"

"అది చెప్పలేం రాజూ."

రాజు మామ ట్రాక్టరు సీటు మీద సర్దుకుని కూర్చున్నాడు. "మా అక్క ఇంట్లో కూడా నాకు ఇదే మరియాద" అన్నాడు. "ఉండనీ. నేను ట్రాక్టరు మీద తిరుగుతాను."

థెంబా తన క్యాను మూత తీసి రాజు మామ చేతికిచ్చాడు.

తాత దుప్పటి తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టాడు. నేను బండి స్టార్ట్ చేసి వచ్చాను. "పోదాం బాబూ" అన్నాడు గానీ కదల్లేదు. పొరలు కమ్మిన కళ్లకి అంతదూరాన తెల్లగా ఏదో ఉన్నట్టు తప్ప కనపడదు.

"ఎంత దూరంలో ఉన్నాయి?" అని అడిగాడు.

గుంజలు లెక్కపెట్టి చెప్పాను. మన నుంచి డెబ్భై రెండు మీటర్లు. వాటి మధ్య ఒక్క మీటరే.